కార్డులో రాసిన పని

అబద్ధం చెప్పేటప్పుడు జ్ఞానప్రసూన గొంతు ఏమాత్రం తడబడలేదు. తరవాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఎక్కువ సిగ్గనిపించింది ఆ సంగతికే. కాస్త నీళ్ళు నమిలి ఉన్నా, ఒక్క క్షణం చూపు పక్కకి తిప్పుకుని ఉన్నా, మనసుకి చెప్పుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది.

ఆమెది విజయవాడ. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, అదీ ఫస్టు క్లాసు. భర్త గురుమూర్తి ఇంజనీరు. కువైట్ వచ్చి పదకొండేళ్ళయినా ఆమెది భర్త మీద వచ్చిన వీసాయే కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. అంత చదువునీ ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక, నలుగురి కాగితాలూ చదివిపెట్టే పని నెత్తిన వేసుకుంది. ఎవరి ఇఖామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతిలో, ఏం రాశారు, ఏ ఫారంలో ఎక్కడ సంతకం పెట్టాలి, ఇలాంటివి. జాబ్రియాలో తెలుగువాళ్ళకి ఏ కాగితం వచ్చినా ‘ప్రసూనగారికి చూపించు’ అనేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆవిడ ఒక అంగుళం పొడుగయ్యేది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మనిషన్నాక ఎవరో ఒకరికి అవసరపడాలని ఉంటుంది కదా.

అలా ఆవిడ అవసరం పడినవాళ్ళలో సత్యదుర్గ ఒకతె. అమలాపురం పక్క పల్లెటూరు. మొదట రుమైథియాలో ఒక ఇంటి పనికి వచ్చింది. నాలుగేళ్ళు ఆ ఇంట్లో అంట్లు తోమి, మూడంతస్తుల మెట్లు కడిగి, ఆ సందున ఇంటి ఆడపిల్లలకి జడలు వేస్తూ, దారంతో కనుబొమలు తీస్తూ పనితనం చూపించింది. ఇంటి యజమానురాలిని అక్కడ ‘మామా’ అంటారు. ఆ మామా చెల్లెలు జాబ్రియాలో ఆడవాళ్ళ సెలూన్ పెట్టినప్పుడు, అక్కని అడిగి మరీ ఈమెని తీసుకుని వీసా మార్పించింది. ఆ రోజు నుంచి ఈ కొత్త యజమానురాలే సత్యదుర్గకి మామా. అయిదేళ్ళుగా ఆ సెలూన్‌లో రెండో కుర్చీ ఆమెది. కువైటీ ఆడవాళ్ళు కూడా ‘దుర్గా లేదా? అయితే రేపొస్తాం’ అని వెనక్కి వెళ్ళేవాళ్ళు.

“రుమైథియా రోజులు తలుసుకుంటే ఇప్పటికీ నిద్దరట్టదండి మేడంగారూ,” అనేది సత్యదుర్గ, జ్ఞానప్రసూన నుదుటి మీద పౌడరు అద్దుతూ. “పన్లోకెళ్తే పొద్దూ రాత్రీ తెలిసేది కాదండి. ఈ దారప్పోగే నన్ను బైట పడేసిందండి బాబూ.”

2009 మార్చిలో సెలూన్ గోడ మీద ఒక నోటీసు అంటించారు. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. సత్యదుర్గ తెలుగులో ఏడో తరగతి దాకా చదివింది. అరబ్బీ వంటింటి వరకు వచ్చు, ఇంగ్లీషు ‘మేడం’ దగ్గర ఆగిపోతుంది. అందుకని జ్ఞానప్రసూన లోపలికి రాగానే ముందు ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళింది.

“ఏం రాశారో సూడండి. మామా గబగబా ఏదో సెప్పిందండి, పరీచ్చ పరీచ్చని. సగం అర్థమై సగం కాలేదండి.”

జ్ఞానప్రసూన చదివింది. కళ్ళజోడు సవరించుకుని, మొదటినుంచి చివరిదాకా, అర్థం చేసుకుంటూ చదివింది. ఇకమీదట సెలూన్లలో పనిచేసే ప్రతి మనిషికీ రెండు కార్డులుండాలి. ఒకటి అందరి దగ్గరా ఉన్న హెల్త్ కార్డు. అది ఒంట్లో రోగం లేదని మాత్రమే చెబుతుంది. రెండోది కొత్తది, చేతికి ఏ పని వచ్చో చెప్పేది. జుట్టుకి ఒకటి, ముఖానికి ఒకటి, గోళ్ళకి ఒకటి. దేనికి దానికే పరీక్ష. ముఖం కార్డున్న మనిషి కత్తెర పట్టకూడదు, జుట్టు కార్డున్న మనిషి కనుబొమలు ముట్టుకోకూడదు. ఈ పేట సెలూన్లకి పరీక్ష ఇరవై ఆరో తారీకు గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి, షర్క్‌లో. చివరి వాక్యం లావు అక్షరాల్లో ఉంది: ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళైనా సరే, పరీక్షకి రాకపోతే సహాయకులుగా నమోదు చేస్తారు. సహాయకులు నేల ఊడవచ్చు, తువ్వాళ్ళు మడవచ్చు. కస్టమరు మీద చెయ్యి వెయ్యకూడదు.

ఇరవై ఆరు, గురువారం. ఆ తారీకు దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే తెలుగువాళ్ళ ఉగాది సభలో ఆవిడ కూతురు చాందిని కూచిపూడి రంగప్రవేశం. పన్నెండేళ్ళ పిల్ల. ఆరేళ్ళ సాధన. మూడు వందల మందికి పిలుపులు వెళ్ళాయి. ఆ పిల్లకి నడుము దిగే పూలజడ వేయిస్తానని జ్ఞానప్రసూన ఊరంతా చెప్పుకుంది. మల్లెమొగ్గలు విమానంలో వస్తాయి, పొద్దున చేతికందుతాయి. వాటిని ఒక్కొక్కటే అట్ట మీద వరసలుగా కుట్టి, మధ్యలో కనకాంబరాలు తిప్పి, కుప్పెలు కట్టి, పిల్ల జడకి బిగించేసరికి ఆరు గంటలు పడుతుంది. కువైట్ మొత్తం మీద ఆ పని తెలిసిన మనిషి, ఆవిడకి తెలిసినంతలో, సత్యదుర్గ ఒక్కతే.

“ఏంటండీ?” అంది సత్యదుర్గ.

“ఇది కొత్తగా వచ్చేవాళ్ళకి దుర్గా. నీకు హెల్త్ కార్డు ఉందిగా? అది చాలు.”

“అమ్మయ్య! గురువారం మన పాప జడుంది గదాండీ, ఎలాగా అని బెంగెట్టుకున్నానండి. మీరు సదివేశారుగా, ఇంక ఖలాస్.”

అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. జ్ఞానప్రసూన వెళ్ళి కుర్చీలో కూర్చుంది. సత్యదుర్గ దారం కొస పళ్ళ మధ్య బిగించి, ఎప్పటిలాగే నొప్పి తెలియకుండా రెండు కనుబొమలూ దిద్ది పంపించింది.

ఎమ్మెస్సీ చదివిన బుర్ర కాబట్టి ఇంటికి నడిచి వెళ్ళేలోపు సమాధానాలన్నీ చకచకా అందించింది. ఇలాంటి నోటీసులు ఈ దేశంలో నెలకొకటి అంటిస్తారు, ఏదీ చెప్పిన రోజున జరగదు. ఒకవేళ జరిగినా రానివాళ్ళకి ఇంకోసారి పెట్టకుండా ఉంటారా? అప్పుడు తనే దగ్గరుండి తీసుకెళ్తుంది. అయినా అంత పనిమంతురాలిని ఏ మామా మాత్రం వదులుకుంటుంది? ఇన్ని సమాధానాలు కావలసి వచ్చాయంటేనే ప్రశ్న పెద్దదని ఆవిడకి తట్టకపోలేదు. తట్టినా పక్కకి నెట్టేసింది.

గురువారానికి ఇంకా పదమూడు రోజులున్నాయి. ఈ పదమూడు రోజుల లెక్కే తరవాత ఆవిడని నిద్రపోనివ్వలేదు. నోరు జారింది అనుకోవడానికి లేదు, ఎందుకంటే జారిన మాట వెనక్కి తీసుకోవడానికి పదమూడు రోజులిచ్చాడు దేవుడు. ఒకసారి ఫోన్ చేసింది కూడా. సత్యదుర్గ ‘సెప్పండి మేడంగారూ’ అనగానే, “కనకాంబరాలు ఎన్ని మూరలు కావాలి?” అని అడిగి పెట్టేసింది.

గురువారం ఏడింటికల్లా సత్యదుర్గ వచ్చేసింది. హాల్లో తడి తువ్వాలు పరిచి, మొగ్గలన్నీ దాని మీద పోసి, కాళ్ళు బారజాపుకుని కుట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది గంటలకి జ్ఞానప్రసూన గోడ గడియారం చూసింది. షర్క్ ఎంత దూరం, టాక్సీలో ఇరవై నిమిషాలు. ఇప్పుడు చెప్పినా అందుకుంటుంది. అట్ట మీద అప్పటికి మూడు వరసలే అయ్యాయి. తెల్లగా, వంకర లేకుండా, ఎంతో అందంగా ఉన్నాయి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టింది. చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేసింది. పని మనుషులకి వేరే గ్లాసుంటుంది ఆ ఇంట్లో. ఆ రోజు మాత్రం అతిథుల కప్పులో తెచ్చి ఇచ్చింది.

“అబ్బే, మీరెందుకండీ ఇయ్యన్నీ?” అని సత్యదుర్గ మురిసిపోయింది.

సాయంత్రం అందరూ ఆ జడ గురించే మాట్లాడారు. పిల్ల తిరిగినప్పుడల్లా జడ కూడా తిరిగి వచ్చి నడుముకి తగులుతుంటే చప్పట్లు మోగాయి. ఎవరు కుట్టారని అడిగినవాళ్ళందరికీ జ్ఞానప్రసూన నవ్వి, “మా దుర్గ” అంది. మా దుర్గ హాలు వెనక, కుర్చీ దొరక్క, గోడకి ఆనుకుని నిలబడి చివరిదాకా చూసింది.

మూడు వారాలకి కార్డులొచ్చాయి.

జ్ఞానప్రసూన సెలూన్‌లోకి అడుగు పెట్టేసరికి రెండో కుర్చీ దగ్గర బషీరా బీ ఉంది. రాయచోటి మనిషి. సత్యదుర్గతో ఒకే గదిలో ఉంటుంది. రెండేళ్ళ కిందట తలలు కడిగే పనికి వస్తే, ఆమె చేతికి దారం ఇచ్చి నేర్పింది సత్యదుర్గే. ఇప్పుడు బషీరా ఫోటోతో ఉన్న కార్డు అద్దం పక్కన వేలాడుతోంది, ముఖం పనికి అని. నేర్పిన మనిషి చేతిలో చీపురు ఉంది.

“ఏదో పొరపాటు పడిందండి,” అంది సత్యదుర్గ, చీపురు వెనక్కి దాచుకుంటూ. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “నా కార్డులో సహాయకురాలని రాసేశారంటండి. మీరొక్కసారి మామాతో ఇంగ్లీసులో మాట్టాడండి. మీరు సెప్తే ఇంటాదండి.”

మామా గది లోపల, గాజు తలుపు వెనక. మంచి మనిషే. జ్ఞానప్రసూనని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. “నేను మూడుసార్లు చెప్పాను. గోడ మీద అంటించాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా అందరికీ సెలవిచ్చాను. అందరూ వెళ్ళారు. దుర్గా ఎందుకు వెళ్ళలేదో నాకు ఇప్పటికీ తెలియదు. నీకేమైనా తెలుసా?”

ఇదిగో, ఇక్కడ ఇంకొక అవకాశం. టీ గ్లాసు చేతిలో పట్టుకుని జ్ఞానప్రసూన చెప్పిన మాట ఇది: “ఆమెకి చదువు లేదు కదా. అర్థం కాలేదనుకుంటా.”

మామా తల ఊపింది. మళ్ళీ పరీక్ష ఏడాది దాకా లేదట. తనిఖీకి వచ్చేవాళ్ళు వారానికొకసారి వస్తున్నారట, కార్డులో రాసిన పని తప్ప వేరే పని చేస్తూ ఎవరైనా దొరికితే సెలూన్ మూసేస్తారట. ఊడవడానికి ఇప్పటికే ఒకామె ఉందట, ఇద్దరిని పెట్టుకోలేనంది. రుమైథియాలో అక్క ఇంట్లో పనిమనిషి వెళ్ళిపోయింది కాబట్టి దుర్గాని మళ్ళీ అక్కడికే పంపేస్తానంది. వచ్చే ఆదివారం నుంచి.

బయటికి వచ్చాక సత్యదుర్గ మొహంలోకి చూడలేక, జ్ఞానప్రసూన చేతిసంచిలో ఏదో వెతుకుతూ, “మాట్లాడాను” అంది.

“మీకు శానా పున్నెముంటదండి,” అంది సత్యదుర్గ.

ఇంటికెళ్ళి గురుమూర్తికి చెప్పింది. అయితే భర్తకి చెప్పిన కథలో నోటీసు అక్షరాలు చిన్నవైపోయాయి, తను హడావిడిలో ఉంది, సరిగ్గా చదవలేదు. ఆయన పేపరు దించకుండా, “కావాలని చేశావా ఏంటి? పొరపాట్లు అందరికీ జరుగుతాయి” అన్నాడు. ఆ ఓదార్పు విన్నాక ఆవిడకి తన మీద తనకే ఏవగింపు కలిగింది. కట్టుకున్నవాడికి కూడా నిజం చెప్పలేని మనిషి అయిపోయింది మరి.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ సెలూన్‌కి వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నావని అడిగితే కనుబొమలకి అని చెప్పి ఉండేది. రెండో కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీల్లో ఉగాది సభకి వచ్చిన తెలుగావిడలే ఇద్దరు, తలకి రంగు పెట్టించుకుని కూర్చుని ఉన్నారు. బషీరా ఒక కనుబొమ పూర్తిచేసి, కొత్త దారపు ఉండ కోసం లోపలికి వెళ్ళింది. సత్యదుర్గ ఊడ్చుకుంటూ దగ్గరికొచ్చింది.

“రేపెళ్ళిపోతన్నానండి, రుమైథియాకి.”

“బషీరా వస్తుందా అప్పుడప్పుడూ నిన్ను చూడ్డానికి?” అంది జ్ఞానప్రసూన, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“అదెందుకొస్తదండీ? నాతో మాట్టాడి నెలయింది. తప్పు నాదేలెండి.” సత్యదుర్గ చీపురు మీద ఆనుకుని గొంతు తగ్గించింది. “పరీచ్చ ముందురోజు అది సెప్పిందండి, పాతోళ్ళు కూడా ఎళ్ళాలంట, మామా అరబ్బీలో అదే అందంట, నువ్వు కూడా రా అక్కా అని. సెయ్యట్టుకు లాగిందండి. నేను దాన్ని నానా మాటలూ అన్నానండి. నీకు అచ్చరం ముక్క రాదు, మా మేడంగారు ఎమ్మెస్సీ సదివారు, ఆవిడ సదివి సెప్పాక నువ్వేంటే నాకు సెప్పేదీ, నా కుర్చీ మీద నీకు కన్నుంది అందుకే తికమక పెడతన్నావు అని. అది ఏడ్సుకుంటా ఒక్కతే ఎళ్ళిందండి. దాని మాట నిజమైంది గదాండీ సివరికి. మీరేమో పాపం అచ్చరాల్లో ఎక్కడో పొరబడ్డారు. మీదేం తప్పు లేదండి.”

తన అబద్ధం ఒక మనిషి ఉద్యోగం తీసిందనే అనుకుంటూ వచ్చింది జ్ఞానప్రసూన ఇన్నాళ్ళూ. ఆ పిచ్చిది తన మాటని నిలబెట్టడానికి, చెయ్యి పట్టుకుని లాగిన స్నేహితురాలిని కూడా పోగొట్టుకుందని ఇప్పుడే తెలిసింది. ఇక ఆ కుర్చీలో ఒదిగి కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

“నేను పొరబడలేదు దుర్గా.”

“ఆఁ?”

“సరిగ్గానే చదివాను. పాతవాళ్ళు కూడా వెళ్ళాలని ఉంది. వెళ్ళకపోతే సహాయకురాలని రాస్తారనీ ఉంది. అంతా చదివాను. గురువారం నువ్వు నాకు జడకి కావాలి. అందుకని అలా చెప్పాను.”

సత్యదుర్గ చూపులో ఉన్నది కోపం కాదు. లెక్క తేలని మనిషిలా ఒకటికి రెండుసార్లు పెదవులు కదిలించింది. ఈలోపు బషీరా దారపు ఉండతో వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

“ఇప్పుడు నాకు సెప్పింది దానికి కూడా సెప్పండి,” అంది సత్యదుర్గ.

జ్ఞానప్రసూన గొణిగింది.

“అలాక్కాదు. అప్పుడు గోడకాడ నాకెంత గట్టిగా సెప్పారో, అంత గట్టిగా సెప్పండి.”

రంగు పెట్టించుకుంటున్న ఇద్దరావిడలూ ఇటు తిరిగారు. చెప్పింది జ్ఞానప్రసూన. అద్దంలో తన మొహం తనకి కనబడుతుండగా, ఒక్కొక్క మాటా వినబడేలా, నోటీసులో ఏముందో, తనేం చెప్పిందో, ఎందుకు చెప్పిందో మొత్తం చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకావిడ, మొన్న జడని మెచ్చుకున్నావిడే, చేతిలో పత్రిక చటుక్కున మొహానికి అడ్డం పెట్టుకుంది.

బషీరా దారం కింద పెట్టేసింది. నేరుగా సత్యదుర్గ దగ్గరికి వెళ్ళింది.

“అదేందే అక్కా, ఇన్ని దినాలు నువ్వు నా మింద కుళ్ళుతోనే అట్ల అన్న్యావనుకుంటి కదనే. ఒగే రూమ్‌లో పండుకోని, ఆపక్క తిరిగి ఏడ్సుకుంటి. ఆ యమ్మ అబద్దం చెప్పిందని తెలిసింటే నేనే వచ్చి అడుగుతుంటి కదా!”

“ఆవిడ సెప్పిందే నిజమనుకున్నాను గదే...” అని సత్యదుర్గ మాట పూర్తి చెయ్యలేకపోయింది. ఇద్దరూ తువ్వాళ్ళ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపలి నుంచి సత్యదుర్గ ఏడుపు వినబడింది. ఉద్యోగం పోతున్నందుకు ఇన్నాళ్ళూ ఏడవని మనిషి అది.

జ్ఞానప్రసూన అలాగే కూర్చుంది. ఒక కనుబొమ సన్నగా, దిద్దినట్టుగా ఉంది. రెండోది పొదలా ఉంది. పావుగంట గడిచినా ఎవరూ రాలేదు. వస్తారని ఎదురుచూసే హక్కు కూడా తనకి లేదని తెలిసి, మెడ మీది తువ్వాలు తనే తీసి మడిచిపెట్టి, లేచి గాజు తలుపు దగ్గరికి వెళ్ళింది.

మామా తల ఎత్తి ఆ కనుబొమల వంక చూసింది. జ్ఞానప్రసూన ఈసారి కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. దుర్గాకి అర్థం కాకపోవడం కాదు, తనే అబద్ధం చెప్పానంది. ఆమెని రుమైథియా పంపొద్దని, కావాలంటే ఏడాది పాటు ఊడిచే పనిలోనే ఉంచమని, తప్పు తనదైతే శిక్ష ఆమెకి ఎందుకని బతిమాలింది.

మామా చివరిదాకా విన్నది. “పోయిన వారం ఇదే కుర్చీలో కూర్చుని, చదువు లేదు అన్నావు,” అంది.

“అన్నాను.”

“నువ్వు ఆ రోజు చెప్పి ఉంటే ఏదైనా చేసేదాన్నేమో. అక్కకి వేరే మనిషి దొరికి ఉండేదేమో. మొన్న వీసా కాగితాలు వెళ్ళిపోయాయి. ఇక నా చేతుల్లో లేదు.” మామా కలం మూతపెట్టి బల్ల మీద పెట్టింది. గొంతులో కోపం లేదు, వెటకారం కూడా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. “ఇంతకీ మీ పాప నాట్యం బాగా జరిగిందా?”

జ్ఞానప్రసూన నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, చెప్పడానికి నిజం తప్ప ఇంకేమీ లేదు కాబట్టి, “చాలా బాగా జరిగింది” అంది.